తియ్యటి మందు

సిస్టరమ్మ బేకరీ పక్కనున్న మెట్లెక్కి మేడ మీదికి చేరేసరికి గోడ గడియారంలో నాలుగుకు పది నిమిషాలు తక్కువ. గుమ్మంలోనే ఇన్‌స్పెక్టరు ఎదురయ్యాడు. ఊరందరికీ అతను ఇన్‌స్పెక్టరు, ఆవిడకు మాత్రం సొంత అల్లుడు.

"అత్తయ్యగారూ, మీరా!" అన్నాడు. ఆ మాటలో మర్యాద ఎంతుందో, "మళ్ళీ తయారా" అన్న విసుగూ అంతే ఉంది.

"నేనే అల్లుడుగారూ. పొద్దున్న ఏమీ తినకుండా బయల్దేరారట. మా అమ్మాయి ఫోన్ చేసి ఒకటే గొడవ."

"తీరికేదండీ? హత్యాప్రయత్నం కేసు. అయిదింటికి మా పై ఆఫీసరుగారు వస్తున్నారు. ఆయనొచ్చేసరికి ముద్దాయిని జీపులో కూర్చోబెట్టాలి."

"అప్పుడే ముద్దాయి దొరికిపోయిందా?"

"రెండు గంటల నలభై నిమిషాల్లో," అని మీసం సవరించుకున్నాడు అల్లుడు. "కిందటిసారిలా తొందరపడ్డానని మాత్రం అనకండి. ఈసారి రుజువు స్వయంగా నా నాలికే చెప్పింది."

నాలిక రుజువేమిటో ఆవిడ అప్పుడే అడగలేదు గానీ, అల్లుడి నాలిక మీద ఆవిడకు ఎప్పుడూ పెద్ద నమ్మకం లేదు.

సిస్టరమ్మ ముప్ఫై ఒక్క ఏళ్ళు ఛాతీ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. రిటైరయ్యాక ఇంటి గేటుకి "రహస్య విచారణలు చేయబడును" అని బోర్డు తగిలించుకుంది. చింత చచ్చినా పులుపు చావదు కదా, వార్డులో "సిగరెట్టు మానేశానమ్మా" అని ఒట్లేసేవాళ్ళని పట్టుకున్న అలవాటుతో ఊళ్ళో అబద్ధాలాడేవాళ్ళ వెంట పడింది. మూడేళ్ళలో నాలుగు కేసులు తేల్చింది. ఆ నాలుగూ అల్లుడు అప్పటికే ఇంకోలా తేల్చేసినవి కావడంతో, ఆదివారం భోజనాల దగ్గర మామగారొక్కరే మాట్లాడవలసి వస్తోంది.

ఇవాళ్టి సంగతి ఇది. బేకరీ పెద్దాయనకు అరవై ఎనిమిదేళ్ళు. పిండి దుమ్ములో బతికి బతికి ఆయాసం తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం ఒంటిగంటా పదికి తన గదిలో ఊపిరాడక కుప్పకూలిపోయాడు. ఆస్పత్రిలో ముఖానికి మాస్కు తగిలించి, మందును పొగమంచులా చేసి పట్టిస్తున్నారు. ఇంకా తెలివి రాలేదు. చిన్నకొడుకు ఆయన మంచం పక్కనే ఉన్నాడు. ఆ చిన్నకొడుకు భార్యనే ఇక్కడ హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి ముద్దాయి అంటున్నారు.

చిన్నకోడలు ఏడవడం లేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, కొంగు కొసని పదేపదే మడత పెడుతోంది. సిస్టరమ్మని చూడగానే మాత్రం ఆ పిల్ల కొంగు వదిలేసింది.

"అయిదింటికి తీసుకెళ్ళిపోతారట సిస్టరమ్మా. మావయ్యగారికి తెలివొచ్చి నా కోడలేదని అడిగితే, నిన్ను చంపబోయి జైలుకెళ్ళిందని చెప్తారా? ఆ మాటకి ఆయనకి మళ్ళీ ఊపిరాగిపోదూ?"

"చెప్పరు. నేనున్నాగా. నువ్వు అడిగినదానికి జవాబు చెప్పు, ఎక్కువ చెప్పకు, తక్కువ చెప్పకు. ఊరికి ఎప్పుడెళ్ళావు?"

"ఒకటో తారీకు పొద్దున్న పదింటికి. మా అమ్మకి తుంటి ఆపరేషన్."

"తిరిగొచ్చింది?"

"ఇవాళ, ఇరవయ్యో తారీకు, పొద్దున్న తొమ్మిదింటికి."

"నువ్వున్నప్పుడు మావయ్యకి మందెవరిచ్చేవారు?"

"నేనే. రెండేళ్ళ కిందట మీరు నేర్పినట్టే. గొట్టం మాత్రని ఇన్‌హేలర్లో పెట్టి, అడుగు తిప్పాలి. ముందు తల పక్కకి తిప్పి లోపలున్న ఊపిరంతా బయటికి వదిలెయ్యాలి, ఇన్‌హేలర్లోకి ఊదకూడదు. అప్పుడు పెదాలు బిగించి ఒక్క గుక్కలో గట్టిగా పీల్చాలి. లోపల మాత్ర బుర్రుమని తిరగాలి. పీల్చాక పది అంకెలదాకా ఊపిరి బిగపట్టాలి. పొద్దునొకటి, రాత్రొకటి. ఖాళీ డొక్కులు గాజు సీసాలో వేయించేదాన్ని. వారానికి పధ్నాలుగు ఉండాలి. ఒకటి తగ్గినా ఆ రోజు మావయ్యగారికి బిస్కెట్లు బంద్."

సిస్టరమ్మకు ముచ్చటేసింది. తను నేర్పిన కొన్ని వేలమందిలో పాఠం ఇంత శుభ్రంగా అప్పజెప్పినవాళ్ళు పదిమంది ఉండరు.

"పాఠం బాగానే ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇప్పుడు నా పాఠం వినండి. ఎల్లుండి పెద్దాయన బేకరీ పెత్తనం ఈవిడ చేతికి ఇవ్వబోతున్నాడు. కొడుకులకి కాదు, నలభై ఏళ్ళుగా ఓవెన్ దగ్గర కాలిపోతున్న బావమరిదికి కాదు, ఈవిడకి. ముసలాయన మనసు మార్చుకుంటే? అందుకని ఊరెళ్తూ వెళ్తూ మాత్రల్లో మందు తీసేసి వేరే పొడి నింపింది. తను ఊళ్ళో లేనప్పుడు ప్రాణం పోతే తన మీదికి రాదు. పోలేదు. ఇవాళొచ్చి, రుజువు మిగలకుండా డొక్కుల సీసా ఖాళీ చేసింది. ఆ నాలుగు గంటల్లో ఆయన పడిపోయాడు. రండి, చూపిస్తాను."

పెద్దాయన గది చిన్నది. ఒక మంచం, కిటికీ, మంచం పక్కన చెక్క బల్ల. కింద బేకరీలో పిండి జల్లించినప్పుడల్లా కిటికీలోంచి తెల్లటి దుమ్ము లోపలికి రేగుతుందని చూడగానే తెలుస్తోంది. బల్ల మీద మాత్రల సీసా, గాజు సీసా, నీళ్ళ గ్లాసు ఉన్నాయి.

అల్లుడు మాత్రల సీసా ఎత్తాడు. "అరవై మాత్రల సీసా. ఒకటో తారీకున కొన్నట్టు మందుల షాపువాడు పెన్నుతో రాశాడు. ఆ రాత్రి మొదలుపెట్టి ఇవాళ పొద్దుటిదాకా రెండు పూటలా వేసుకుంటే ముప్ఫై ఎనిమిది అవ్వాలి. మిగిలినవి ఇరవై రెండు. ఒక్కటీ విప్పకముందే నేనే లెక్కపెట్టాను. అంటే పెద్దాయన ఒక్క పూట కూడా మానలేదు. అయినా పడిపోయాడు. ఎందుకు? మాత్ర విప్పి పొడి నాలిక మీద వేసుకున్నాను. ఏముంది? తీపి! కేకుల మీద చల్లే చక్కెర పొడి! ఈ ఇంట్లో కేకులు చేసేదెవరు?"

"అల్లుడుగారూ," అంది సిస్టరమ్మ మెల్లిగా, "మీరు సాక్ష్యాన్ని తిన్నారా?"

"తినలేదండీ, రుచి చూశాను."

"ఎన్ని?"

"రెండు. మొదటిది అనుమానం కోసం, రెండోది ఖాయం చేసుకోవడానికి."

"అయితే పొద్దుటినుంచీ ఏమీ తినలేదని మా అమ్మాయి చెప్పింది అబద్ధమే," అంటూ ఆవిడ చేతిసంచీలోంచి ఇంకో సీసా తీసింది. చిన్నకోడలు తనకి ఫోన్ చేసి "తియ్యగా ఉందంటున్నారు" అన్నప్పుడే, దారిలో మందుల షాపు దగ్గర ఆగి కొన్నది. అదే కంపెనీ, అదే మందు, సీలు తియ్యనిది. "ఇది ఎవరి చెయ్యీ పడనిది. మీరే సీలు తియ్యండి. మీరే విప్పండి. ఆ నాలికే చాపండి."

ఇన్‌స్పెక్టరు సీలు చింపాడు. మాత్ర విప్పాడు. నాలిక మీద చిటికెడు వేసుకున్నాడు. అతని ముఖంలో అధికారం మెల్లగా కరిగిపోవడం సిస్టరమ్మ కళ్ళారా చూసింది.

"ఇదీ తియ్యగానే ఉందేం?"

"ఉంటుంది బాబూ. ఇందులో అసలు మందు గసగసల గింజంత కూడా ఉండదు. అంత కాస్తని గొట్టంలో ఎలా నింపుతారు, మనిషి ఎలా పీలుస్తాడు? అందుకని పాలలో ఉండే చక్కెర పొడిలో కలుపుతారు. ఆ పొడి గొంతు దగ్గర ఆగిపోతుంది, మందు ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ప్రపంచంలో ఇలాంటి పొడి మందులు చాలావాటికి ఈ తీపే. మీరు పప్పులో కాలేశారు."

అల్లుడు సీసా మూత బిగించాడు. బిగించినది మళ్ళీ బిగించాడు. ఆ క్షణంలో ఆవిడకు అతని మీద కాస్త జాలి కూడా వేసింది, పిల్లనిచ్చిన మనసు కదా.

"సరే, మందు మందే అనుకుందాం," అన్నాడు పట్టు వదలకుండా. "మరి రెండు పూటలా మంచి మందు వేసుకున్నవాడు ఎందుకు పడిపోయాడు? డొక్కుల సీసా ఎందుకు ఖాళీగా ఉంది?"

"అదీ అడగాల్సిన ప్రశ్న. ఇంతసేపటికి పోలీసులా మాట్లాడారు."

ఆవిడ గాజు సీసా మీదికి వంగింది. ముట్టుకోలేదు. "అమ్మాయ్, పొద్దున్న వచ్చాక ఈ గదిలో ఏం చేశావు?"

కోడలు గుమ్మంలోంచి జవాబు చెప్పింది. "మావయ్యగారు దగ్గుతున్నారని కిటికీ గట్టు తడిగుడ్డతో తుడిచాను. తొమ్మిదిన్నర అప్పుడు. బల్ల తుడవబోతుంటే కింద కేకు ఆర్డరుందని పిలిచారు, వెళ్ళిపోయాను. మాత్రల సీసా సగానికి పైగా ఖాళీ అయింది కదా, మందు బాగానే వేసుకుంటున్నారనుకున్నాను. పక్కనున్న డొక్కుల సీసా వైపు చూడనే లేదు. ఊరెళ్తూ దాన్ని కడిగి, ఖాళీగా పెట్టి వెళ్ళాను. చూసుంటే..."

సిస్టరమ్మ కిటికీ గట్టు మీద వేలితో గీసింది. కంటికి ఆనీ ఆననంత దుమ్ము. తరవాత గాజు సీసా మూత అల్లుడికి చూపించింది. దాని మీద పిండి దుమ్ము మందంగా పేరుకుని ఉంది. ఎక్కడా వేలిముద్ర లేదు.

"పొద్దున్న తుడిచిన గట్టు మీద ఇంతే దుమ్ము పడింది. ఈ మూత మీద వేలితో ఉత్తరం రాయొచ్చు. దీన్ని ఇవాళ ఎవరూ తెరవలేదు అల్లుడుగారూ. ఇరవై రోజులుగా తెరవలేదు. డొక్కులు పారెయ్యలేదు. అసలు పడలేదు. ఇన్‌హేలర్ ఏదమ్మా?"

"సొరుగులో. కడిగి ఆరబెట్టి, దుమ్ము పడకుండా రుమాల్లో కట్టి పెట్టాను."

సొరుగులో రుమాలు మూట ఉంది. రెండు ముళ్ళు, ముడి మీద ముడి. కోడలు చూసి నోరు తెరిచింది. "ఇది నేను వేసిన ముడే. ఎవరూ విప్పలేదు!"

ఇన్‌స్పెక్టరు జేబులోంచి నోటుబుక్కు తీశాడు. మొదటి పేజీలో ఏదో కొట్టేశాడు.

"ముప్ఫై ఎనిమిది మాత్రలు ఖర్చయ్యాయి," అంది సిస్టరమ్మ. "ఇన్‌హేలర్ మూట విప్పలేదు. డొక్కు ఒక్కటీ లేదు. ఇప్పుడు ఆ గ్లాసు కింద చూడండి."

గ్లాసు ఎత్తితే చెక్క మీద నీటి మరకలు, గుండ్రాలు గుండ్రాలుగా, ఒకదాని మీద ఒకటి, కొన్ని ఎండిపోయి తెల్లబడ్డాయి.

"మింగాడా?" అన్నాడు అల్లుడు, మొదటిసారి నిజంగా ఆశ్చర్యపోయి.

"మింగాడు. డొక్కుతో సహా. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాల్సిన మందు కడుపులోకి పోయింది. అక్కడ అది ఎందుకూ పనికిరాదు. నాయనా, ఇరవై రోజులు మనిషి మందు వేసుకుంటూనే మందు లేకుండా ఉన్నాడు."

ఆవిడ దిండు కింద చెయ్యి పెట్టి నీలం రంగు స్ప్రే తీసింది. ఆయాసం ఉన్నట్టుండి వస్తే నొక్కుకునేది. వెనక చిన్న కిటికీలో ఇంకా ఎన్ని నొక్కులు మిగిలాయో అంకె కనిపిస్తుంది. అక్కడ సున్నా ఉంది. పక్కనే ఉన్న దాని అట్టపెట్టె మీద కొన్న తేదీ, రెండో తారీకు.

"రెండొందల నొక్కుల స్ప్రే. వారానికి రెండుసార్లు నొక్కితే గొప్ప, అలాంటి మనిషి రోజుకి పదకొండుసార్లు నొక్కుకున్నాడు. ఇవాళ అదీ అయిపోయింది. ఎంత అవస్థ పడ్డాడో ఆలోచించండి." ఆవిడకు కోపం వచ్చింది. రోగి మీద కాదు. "చేతిలో మందు పెట్టుకుని ఊపిరాడక చచ్చిపోవడం కన్నా ఘోరం లేదు. రెండేళ్ళు శుభ్రంగా పీల్చిన మనిషికి మింగమని ఎవడో చెప్పాడు. ఆ ఎవడో నాక్కావాలి."

నాలుగూ ఇరవై అయింది. ఇంట్లో మిగిలింది ఇద్దరు, పెద్దకొడుకూ, పెద్దాయన బావమరిదీ. ఇద్దరినీ హాల్లోకి పిలిచారు.

పెద్దకొడుకు వేరే కాపురం. ఉద్యోగం నుంచి వస్తూ సాయంత్రం ఆరింటికి ఒక పావుగంట తండ్రిని చూసి పోతాడు. అడక్కముందే చెమటలు తుడుచుకున్నాడు.

"స్ప్రే నేనే కొన్నాను. నాన్నకి ఈ మధ్య ఆయాసం ఎక్కువైన మాట నిజమే. డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. ఇదిగో, ఈ మావయ్యే వద్దన్నాడు. మందు పూట తప్పకుండా వేసుకుంటున్నాడు కదా, కోడలు లేదని బెంగ, ఆవిడొస్తే అదే తగ్గుతుందన్నాడు."

"మాత్రలెలా వేసుకునేవారో చూశావా?"

"లేదండీ. ఆ టైముకి నేనుండను. నన్నూ తీసుకెళ్తారా?"

"నిర్లక్ష్యానికి జైలుంటే ఊళ్ళో సగంమంది కొడుకులు లోపలే ఉండేవారు," అంది సిస్టరమ్మ. అతను ఆ పక్కకి వెళ్ళి గోడకి ఆనుకున్నాడు.

బావమరిది దిట్టమైన మనిషి. నలభై ఏళ్ళుగా కింద ఓవెన్ అతని చేతి మీదే నడుస్తోంది. చేతులనిండా పాత కాలిన మచ్చలు. పెద్దాయన పక్కగదిలోనే పడుకుంటాడు. కోడలి మీద ఇన్‌స్పెక్టరుకి మొదట అనుమానం ఎక్కించిందీ అతనే.

"సీసా నేనే కొనుక్కొచ్చాను తల్లీ, ఆ పొద్దున్న కోడలు బయల్దేరకముందే. బావకి అందించాను. ఎలా వేసుకున్నాడో నాకేం తెలుసు? ఆ గొట్టాలూ ఆ తిప్పుడూ నాకు అర్థం కావు. ఓవెన్ తప్ప ఇంకో యంత్రం చేత్తో ముట్టనివాణ్ణి."

"ఇన్‌హేలర్ ఎప్పుడూ పట్టుకోలేదా?"

"ఒట్టు. అది ఏ వైపు నోట్లో పెట్టుకోవాలో కూడా తెలీదు."

చెబుతూ చెబుతూ చిన్నగా దగ్గాడు. సిస్టరమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ దగ్గు చివర పిల్లికూత లాంటి సన్నటి చప్పుడు ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ చప్పుడు మధ్యే గడిపింది గనక ఆవిడకు తెలిసింది గానీ, పక్కన కూర్చున్న ఇన్‌స్పెక్టరుకి ఏమీ వినిపించలేదు.

ఆవిడ చేతిసంచీలోంచి కొత్త ఇన్‌హేలర్లు మూడు తీసి బల్ల మీద వరసగా పెట్టింది. వాటి పక్కన మందు లేకుండా ఉత్త పొడి నింపిన మాత్రలు పెట్టింది. నేర్పడానికని ఎప్పుడూ దగ్గరుంచుకునేవి.

"పెద్దాయన ఇంటికొస్తాడు. ఈ అమ్మాయిని మీరు ఎలాగూ జైలుకి పంపిస్తున్నారు. రెండు పూటలా ఎవరో ఒకరు మందు పట్టించాలి కదా. ఎవరికి తొందరగా పట్టుబడుతుందో చూద్దాం. నేను చెప్పను. ఎవరికి తోచినట్టు వాళ్ళు పీల్చండి. ముందు అల్లుడుగారు."

"నేనెందుకండీ?"

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు? కానివ్వండి."

"ఇదేం బ్రహ్మవిద్యా!" అని అల్లుడు ఇన్‌హేలర్ తీసుకుని, మాత్ర పెట్టి, తిప్పి, ఛాతీ విరుచుకుని, నోట్లో పెట్టుకున్నాడు. పీల్చడానికి ముందు ఒక్కసారి బలంగా ఊపిరి వదిలాడు, ఇన్‌హేలర్లోకే. పక్క సందుల్లోంచి పొడి బుస్సుమని లేచి అతని మీసం మీదా ముక్కు మీదా పడింది. ఆ ఇంట్లో ఒంటిగంట తరవాత మొదటి నవ్వు కోడలి నోట్లోంచి వచ్చింది. వెంటనే చేత్తో మూసుకుంది.

"నూటికి తొంభైమంది మొదటిసారి ఇలాగే చేస్తారు," అంది సిస్టరమ్మ గంభీరంగా. "తప్పు లేదు. తుడుచుకోండి."

పెద్దకొడుకు వంతు వచ్చింది. అతను గ్లాసులో గడ్డిపుల్ల పెట్టుకుని జ్యూసు తాగేవాడిలా మెల్లగా పీల్చాడు. మాత్ర కదలనైనా లేదు. అది చాలక గుటకేసి, "అయిపోయిందా?" అన్నాడు.

"ఇప్పుడు మీరు," అంది బావమరిదితో.

బావమరిది ఇన్‌హేలర్‌ని తలకిందులుగా పట్టుకున్నాడు. మూత ఎక్కడుందో వెతికాడు. మాత్రని రెండుసార్లు కింద పడేశాడు. "ఇదంతా నా వల్ల కాదు తల్లీ" అన్నాడు. అందరికీ అతని మీద జాలి కలిగేలా అవస్థ పడ్డాడు. చివరికి ఎలాగో తిప్పాడు.

అప్పుడు నోటి దాకా తెచ్చుకున్నవాడు ఆగాడు. తల ఎడమ పక్కకి తిప్పాడు. గోడవైపు, పొడవుగా, లోపల చుక్క గాలి మిగలకుండా ఊపిరి వదిలాడు. తిరిగి, పెదాలు బిగించి, ఒక్క గుక్కలో పీల్చాడు. లోపల మాత్ర బుర్రుమని తిరిగిన చప్పుడు హాలంతా వినిపించింది. ఇన్‌హేలర్ తీసి, నోరు మూసుకుని, కదలకుండా నిలబడ్డాడు.

సిస్టరమ్మ పైకే లెక్కపెట్టింది. "ఏడు... ఎనిమిది... తొమ్మిది... పది."

పది అనగానే అతను ఊపిరి వదిలాడు. వదిలాక తను ఏం చేశాడో అతనికి తెలిసింది.

"చేతులతో బాగానే నటించారు," అంది సిస్టరమ్మ. "ఊపిరితో నటించలేకపోయారు. పక్కకి తిరిగి ఊదడం ఒకసారి చూస్తే రాదు. రోజుకి రెండుసార్లు, నెలల తరబడి చేస్తే ఒంటికి పట్టుకుంటుంది. ఓవెన్ ముందు పిండి దుమ్ము బావనొక్కణ్ణే పట్టుకుంటుందా? మీకూ ఆయాసం ఉంది. తెలిస్తే ఓవెన్ దగ్గర్నుంచి తప్పిస్తారని దాచారు. మీరు పీల్చుకుని బాగుపడ్డారు. బావకి మాత్రం మింగమని చెప్పారు!"

"అత్తయ్యగారూ, ఒక్క నిమిషం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. మీసం మీద పొడి ఇంకా ఉంది గానీ గొంతులో వెటకారం లేదు. ముందుకొచ్చి తనే బావమరిది వేసుకున్న ఏప్రాన్ జేబులో చెయ్యి పెట్టాడు. బయటికి వచ్చిన చెయ్యిలో అదే రకం ఇన్‌హేలర్ ఉంది, వాడి వాడి అంచులు అరిగినది. ఈ ఒక్క పనికి సిస్టరమ్మ అల్లుడి పాత తప్పుల్లో రెండు క్షమించింది.

కోడలు లేచి నిలబడింది. "బాబాయిగారూ, మీరా?"

బావమరిది కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "నా మందు నేను పీల్చుకుంటే నేరమా? సిగ్గుపడి దాచుకున్నాను. బావని మింగమని నేను చెప్పానని ఎవరు విన్నారు? గదిలో ఉన్నది మేమిద్దరమే. నలభై ఏళ్ళు ఆ ఓవెన్ ముందు కాలినవాణ్ణి నేను. నిన్నగాక మొన్నొచ్చిన పిల్లకి పెత్తనం ఇస్తానంటే నోరెత్తలేదు. అలాంటివాడి మీదా నింద?"

నాలుగూ యాభై అయిదు. కింద రోడ్డు మీద జీపు ఆగిన చప్పుడయింది. ఇన్‌స్పెక్టరు అత్తగారి వైపు చూశాడు, ఆవిడ కిటికీ వైపు చూసింది. ఉన్నమాట చెప్పాలంటే ఆవిడ దగ్గర ఇంకేమీ లేదు. మింగమన్న మాటకి సాక్షి ఆస్పత్రిలో తెలివి లేకుండా ఉన్నాడు. కోర్టులో ఊపిరిని బోనెక్కించలేరు.

కోడలి ఫోన్ మోగింది. చిన్నకొడుకు. ఆ పిల్ల స్పీకరు నొక్కింది.

"నాన్న కళ్ళు తెరిచారు!" అరుపులాంటి గొంతు. "మాస్కు తీసేస్తే గానీ వీల్లేదని పట్టుబట్టారు. మావయ్యకి ఏదో చెప్పాలట. అక్కడున్నాడా?"

"ఉన్నాడు," అంది సిస్టరమ్మ. "ఫోన్ నాన్న దగ్గర పెట్టు."

కాసేపు మాస్కు బుసలు వినిపించాయి. తరవాత సన్నగా, మాటమాటకీ ఆగుతూ పెద్దాయన గొంతు.

"ఒరేయ్... కంగారు పడ్డావేమో. నీ తప్పేం లేదురా. కొత్త సీసావి మింగేవని షాపువాడు చెప్పాడన్నావుగా... అట్లాగే నీళ్ళతో మింగాను. పూట తప్పలేదు. అయినా నా టైము బాలేదు."

పై ఆఫీసరు మెట్లెక్కి గుమ్మంలోకి వచ్చాడు. ఇన్‌స్పెక్టరు ఆగమన్నట్టు ఆయనకే చెయ్యి చూపించాడు.

"అమ్మాయ్ కోడలా, ఉన్నావా?"

"ఉన్నాను మావయ్యగారూ."

"మీ బాబాయికీ రాత్రుళ్ళు పిల్లికూతలొస్తున్నాయే. గోడవతల నుంచి వింటూనే ఉన్నా. మొహమాటస్తుడు, వాడంతట వాడు చెప్పడు. నా సీసాలో ఇంకా మాత్రలున్నాయి... అవి వాడికిచ్చెయ్. రెండు పూటలా, నువ్వు దగ్గరుండి మింగించు."